నేను బిగించని నట్టు

బ్రేకు మెత్తబడిందన్న సంగతి మొదట కనిపెట్టింది నా భార్య. ఒక శుక్రవారం సాయంత్రం ఆస్పత్రిలో డ్యూటీ ముగించుకుని వచ్చి, కారు తాళాలు మేకుకి తగిలిస్తూ అంది.

“ఏమండీ, బ్రేకు తొక్కితే స్పాంజి మీద కాలేసినట్టు దిగిపోతున్నాది. రెండుసార్లు తొక్కితేగానీ పట్టట్లేదు. ఏక్ బార్ చూడండి.”

మా ఇల్లు డెలానీపూర్‌లో ఒక ఏటవాలు సందులో ఉంది. గేటు దాటిందంటే బండి ముక్కు కిందికే. అక్కణ్ణుంచి చాథం జెట్టీ వరకూ చాలాచోట్ల దిగుడే. ఇలాంటి చోట మెత్తటి బ్రేకు నవ్వులాట కాదని నాకు తెలుసు. తెలిసి కూడా, ఆ మాట వినగానే నాకు కలిగింది భయం కాదు, ఉత్సాహం. ఆ సంగతి ముందే ఒప్పుకోవాలి.

నాది హార్డ్‌వేర్ కొట్టు. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన మా నాన్న పెట్టిన కొట్టు. ఈ దీవుల్లో చిన్న నట్టు కావాలన్నా అది ఓడ దిగాలి. ఓడ ఆలస్యమైతే ఉన్నదానితోనే ఏదో ఒకటి చేసుకోవాలి. అలా ఫ్యానూ, నీళ్ళ మోటారూ, కుట్టుమిషనూ విప్పి బిగించడం చిన్నప్పటి నుంచీ నాకు అలవాటు. కారు జోలికి మాత్రం వెళ్ళేవాణ్ణి కాదు. అంతకు ముందు ఏడాది వెళ్ళాను.

అప్పటి జబ్బు దీనికి సరిగ్గా తలకిందులు. బ్రేకు రాయిలా గట్టిపడి, ఒంట్లో బలమంతా పెట్టి తొక్కితేగానీ కారు ఆగేది కాదు. ఫోనులో వీడియోలు చూశాను. ఇంజను ఆపి నాలుగైదుసార్లు బ్రేకు తొక్కాలి, కాలు తియ్యకుండా ఇంజను స్టార్ట్ చెయ్యాలి, అప్పుడు పెడల్ కాలి కింద కొంచెం దిగాలి అన్నారు. మాది దిగలేదు. బానెట్ ఎత్తి చెవి పెడితే సన్నగా బుస వినిపించింది. ఇంజను నుంచి, మనం తొక్కే బలాన్ని పెంచే బ్రేకు బూస్టరుకి వెళ్ళే రబ్బరు గొట్టం ఎండిపోయి పగిలింది. కొత్త గొట్టం తెప్పించి నేనే వేశాను. పెడల్ మామూలైంది. మా మెకానిక్ చూసి, “బాగానే పట్టేసినారండి బాబూ” అన్నాడు. ఆ మెకానిక్ మా చర్చివాడే, ముప్ఫై ఏళ్ళుగా ఈ ఊళ్ళో బండ్లు బాగుచేస్తున్నవాడు. ఆ ఒక్క మెచ్చుకోలు నా తలకెక్కి కూర్చుంది.

శనివారం పొద్దున అతనికే ఫోను చేశాను.

“గొట్టాల్లోకి గాలి దూరుంటాది. లేదా ఎక్కడో నూనె కారతా ఉంటాది. సోమవారం తెండి, సూసేద్దాం” అన్నాడు. “అందాకా బండి తియ్యకండి బాబూ. ఇంట్లో కెలక్కండి కూడాను. గట్టి బ్రేకు వేరు, మెత్త బ్రేకు వేరు.”

సరేనన్నాను. ఆ మాట నా భార్యకి చెప్పలేదు.

ఆదివారం హోప్ టౌన్‌లో మా వదినగారింట్లో, అంటే నా భార్య అక్కగారింట్లో, కృతజ్ఞతా ప్రార్థన ఉంది. కొత్తిల్లు కట్టుకున్నారు. వంట గిన్నెలు, చర్చి నుంచి చాపలు తీసుకెళ్ళాలి. చాథంలో వెహికల్ ఫెర్రీ ఎక్కి కారుతోపాటే ఖాడీ అనే సముద్రపు పాయ దాటడం మాకు మామూలు. ఆటోలో జెట్టీకి వెళ్ళి మామూలు బోటు ఎక్కితే సరిపోయేది. ఆ మాట నాకు తట్టలేదని అనను, తట్టింది. కానీ కొట్లో కొత్త బ్రేకు ఆయిల్ సీసా ఉంది, పానాల సెట్టు ఉంది, చేతులు ఊరుకోలేదు.

చర్చి నుంచి రాగానే రేకుల షెడ్డు కింద పని మొదలెట్టాను. మా ఆవరణలో చదునైన చోటు అదొక్కటే. నా భార్య డ్రైవరు సీట్లో కూర్చుంది. నేను ఒక్కో చక్రం విప్పుతూ కింద కూర్చున్నాను.

పని చెప్పుకోవడానికి తేలికే. బ్రేకు గొట్టాల్లో నూనె తప్ప గాలి ఉండకూడదు. గాలి ఉంటే మనం తొక్కిన బలం దాన్ని నొక్కడానికే సరిపోతుంది, చక్రం దాకా చేరదు. ప్రతి చక్రం వెనకా ఒక చిన్న నట్టు ఉంటుంది, దాని మీద రబ్బరు టోపీ. టోపీ తీసి, నట్టుకి సన్నటి ప్లాస్టిక్ గొట్టం తొడిగి, రెండో కొస సీసాలో ముంచాలి. లోపలున్న మనిషి బ్రేకు తొక్కి పట్టుకోవాలి. కిందున్న మనిషి నట్టు కొంచెం వదులు చేస్తే పాత నూనె, దాంతో గాలి బుడగలు బయటికి వస్తాయి. పెడల్ మీంచి కాలు తీయకముందే నట్టు బిగించెయ్యాలి. బుడగలు ఆగేదాకా ఇదే పని.

“తొక్కు… పట్టుకో.”

“పట్టుకున్నాను.”

“ఆఁ, ఇప్పుడు వదులు.”

వెనక రెండు చక్రాలూ, ముందు ఎడమదీ అయిపోయాయి. కాఫీ డికాక్షన్‌లా నల్లటి నూనె పోయి తేనెరంగు నూనె వచ్చింది. ఒక్కో బుడగ బయటికి వస్తుంటే ఏదో పెద్ద ఆపరేషన్ చేస్తున్న డాక్టరులా పొంగిపోయాను. ఆఖరిది డ్రైవరు వైపు ముందు చక్రం. దాని దగ్గర ఉండగా ఫోను మోగింది. ఓడ దిగిన సిమెంటు లారీ మా కొట్టు ముందుకు వచ్చేసింది. బస్తాలు ఎక్కడ దించాలని లారీవాడు అడుగుతున్నాడు. ఆకాశం నల్లబడి ఉంది, సిమెంటు తడిస్తే రాయైపోతుంది. నట్టుని వేళ్ళతో తిప్పి, సీసా పక్కన పెట్టి, ఫోను చెవికి ఆనించుకుని గేటు దాకా వెళ్ళాను. బస్తాల మీద టార్పాలిన్ పట్టాలు కప్పమని అరిచి అరిచి తిరిగొచ్చాను. వచ్చి చక్రం పెట్టేశాను. చక్రం నట్లు మాత్రం ఎంతో శ్రద్ధగా, ఒకటికి రెండుసార్లు బిగించాను.

నా భార్య బ్రేకు తొక్కి చూసింది. చెక్క మీద కాలేసినట్టుంది. సందులో ఒకసారి కిందికీ పైకీ తిప్పి తెచ్చింది.

“ఠీకే ఉంది. పక్కానా? మెకానిక్ భయ్యాకి ఒకసారి చూపించక్కర్లేదా?”

“అక్కర్లేదు” అన్నాను. చెప్పాల్సిన మాట చెప్పడానికి అదొక అవకాశం. దాన్నీ దాటేశాను.

మధ్యాహ్నం రెండు దాటాక నా భార్యా, మా తొమ్మిదేళ్ళ పాపా బయల్దేరారు. వెనక సీట్లో పాప ఒళ్ళో పాయసం గిన్నె. నేను స్నానం చేసి, కొట్టు దగ్గర సిమెంటు చూసుకుని, తరవాతి బోటుకి వస్తానన్నాను. వాన మొదలైంది.

స్నానాల గదిలో చొక్కా విప్పుతుంటే జేబులోంచి ఏదో కిందపడి దొర్లింది. వంగి తీశాను. చిటికెన వేలి గోరంత నల్లటి రబ్బరు టోపీ.

నట్టు పానాతో బిగించాకే టోపీ తొడగాలి. నాలుగు చక్రాలకి నాలుగు టోపీలు. ఇది నా చేతిలో ఉందంటే, ఒక చక్రం దగ్గర నేను పని పూర్తి చెయ్యలేదు. ఆ ఆఖరి నట్టు దగ్గర పానా పట్టిన గుర్తు కోసం వెతుక్కున్నాను. వేళ్ళతో తిప్పడం గుర్తుంది. ఫోను గుర్తుంది. చక్రం గుర్తుంది. పానా గుర్తు రాలేదు.

షెడ్డు కిందికి పరుగెత్తాను. డ్రైవరు వైపు ముందు చక్రం నిలబడిన చోట సిమెంటు నేల మీద అరచెయ్యంత తడి. వేలితో ముట్టుకున్నాను. నీళ్ళు కాదు, జారుతోంది. తేనెరంగు. పాత నూనె అయితే నల్లగా ఉండేది. ఇది నేను కొత్తగా పోసిన నూనే. అక్కడినుంచి గేటు వైపు చుక్కలు చుక్కలుగా వెళ్ళింది. షెడ్డు దాటాక వాన కడిగేసింది.

ఫోను చేశాను. మోగుతోంది, తియ్యడం లేదు. తియ్యదు. బండి నడిపేటప్పుడు ఫోను ముట్టుకోవద్దని ఆమెకి ఒట్టు వేయించుకున్నది నేనే. మళ్ళీ చేశాను. మళ్ళీ. ప్రతి మోతకీ ఆమె కాలు పెడల్ మీద పడుతున్నట్టు, పడిన ప్రతిసారీ ఆ నట్టు సందులోంచి ఇంకాస్త నూనె చిమ్ముతున్నట్టు కళ్ళకి కట్టింది.

పక్కింటి దీదీ వరండాలో బట్టలు తీస్తోంది. ఆవిడ స్కూటీ గోడవతలే ఉంది.

“దీదీ, స్కూటీ! చాబీ దో!”

“క్యా హువా భయ్యా?”

“గాడీ కా బ్రేక్…” అన్నాను.

ఆవిడ ఇంకేమీ అడగలేదు. తాళం విసిరేసి, “సంభల్‌కే జానా!” అని వెనకనుంచి జాగ్రత్త చెబుతూ అరిచింది.

లుంగీ, బనీను, వట్టి కాళ్ళు. వాన మొహాన కొడుతోంది. ప్రతి మలుపులోనూ జనం గుమిగూడి ఉంటారేమోనని చూస్తూ దిగాను. గుంపు కనపడకపోతే, ఇంకా కిందికి వెళ్ళిపోయారని భయం. దారిలో ఒకచోట నలుగురు నిలబడి ఉంటే స్కూటీ ఆపేశాను. వాళ్ళు బస్సు కోసం నిలబడినవాళ్ళు. ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఆ పరుగులో నా బుర్రలోకి వచ్చిన ఆలోచనల్లో ఒకటి, ‘మెకానిక్ వద్దన్నాడని అందరికీ తెలిసిపోతుంది’ అన్నది. భార్యా బిడ్డా ఏమయ్యారో తెలియని ఆ నిమిషంలో నా పరువు గురించి ఆలోచించిన మనిషిని నేను. ఆ ఆలోచన ఒక్క క్షణమే ఉంది. కానీ వచ్చింది.

అన్నిటికంటే భయపెట్టింది జెట్టీ. అక్కడ కార్లు ఏటవాలుగా దిగి ఫెర్రీలోకి ఎక్కాలి. ఫెర్రీ అవతలి కొసన ఉండేది ఒక గొలుసు. గొలుసు దాటితే నీళ్ళు.

నేను వెళ్ళేసరికి ఫెర్రీ ఒడ్డు వదిలింది. ఎత్తేసిన రేకు తలుపు పైనుంచి ఒక తెల్ల కారు పైభాగం కనిపిస్తోంది. మా కారూ తెల్లదే. స్కూటీ పడేసి పరుగెత్తాను. జెట్టీ మనిషి నా చెయ్యి పట్టి ఆపాడు.

“అరే, కిధర్ జా రహే హో? ఛూట్ గయా!”

“సఫేద్ గాడీ… ఔరత్, బచ్చీ… పానీ మే తో నహీ గిరా?”

తెల్ల కారేదైనా నీళ్ళలో పడిందా అని అడుగుతున్న నన్ను అతను పిచ్చివాణ్ణి చూసినట్టు చూశాడు. నేను ఫెర్రీని చూడటం మానేసి నీళ్ళనే చూశాను. జెట్టీ స్తంభాల పక్కన వాన చినుకులకి నీళ్ళు మరుగుతున్నట్టున్నాయి. వాటి కింద ఏదైనా తెల్లగా కనపడుతుందేమోనని వంగి వెతికాను. దేవుణ్ణి ఏమని అడిగానో గుర్తు లేదు. మాటలేవీ లేవు, “ప్రభువా, ప్రభువా” అన్నది తప్ప.

అప్పుడు ఫోను మోగింది.

“బండి ఆపేశాను” అంది నా భార్య. గొంతు చాలా నెమ్మదిగా ఉంది. “మేము బాగానే ఉన్నాం. పాప నా పక్కనే ఉంది. మీరు రండి.”

ఎక్కడున్నదీ ఆమే చెప్పింది. నేను దాటి వచ్చేసిన దారే. మధ్యలో ప్రభుత్వ క్వార్టర్ల వైపు పైకి ఎక్కే ఒక చిన్న సందు ఉంది. వాళ్ళు అందులో ఉన్నారు. దిగే దారినే చూస్తూ, ఎక్కే సందు వైపు నేను తల తిప్పలేదు.

వెళ్ళేసరికి కారు ముక్కు మట్టి గట్టుకి గుచ్చుకుని ఉంది. వెనక చక్రాల కింద ఎవరో రాళ్ళు పెట్టారు. క్వార్టర్లలో ఒకావిడ పాపని మెట్ల మీద కూర్చోబెట్టి నీళ్ళు తాగిస్తోంది. పాప గౌనంతా పాయసం. నన్ను చూడగానే ఏడుపు అందుకుంది.

“డాడీ, మమ్మీ తొక్కుతూనే ఉంది. బ్రేకు రాలేదు.”

నా భార్య గోడకి ఆనుకుని నిలబడింది. చేతులు రెండూ చంకల్లో దాచుకుంది.

“మొదటి మలుపులో బాగానే పట్టింది” అంది. “రెండోదాంట్లో కొంచెం దిగింది. మూడోచోట మొత్తం కిందికి పోయింది. ముందు బస్సు ఉంది. గబగబా తొక్కితే కాస్త పట్టింది, మళ్ళీ పోయింది. సెకండ్ గేరు వేశాను, ఫస్ట్ వేశాను, హ్యాండ్ బ్రేకు కొంచెం కొంచెం లాగాను. ఈ సందు కనపడింది. పైకి ఎక్కుతాది కదా అని తిప్పేశాను.”

అంత మాటా ఒక్క గుక్కలో చెప్పి అక్కడే కూలబడింది. నేను పక్కన కూర్చున్నాను. చెయ్యి పట్టుకోబోతే ఇచ్చింది.

మెకానిక్‌కి ఫోను చేసింది ఆమే. అరగంటలో మోటార్ సైకిల్ మీద వచ్చాడు, ఆదివారం తెల్లచొక్కాతోనే. చక్రం విప్పాడు. లోపలి వైపు టైరంతా నూనెతో మెరుస్తోంది. వేలితో ఆ నట్టు ముట్టుకుంటే తిరిగింది. పానా కూడా అక్కర్లేకపోయింది.

“సేత్తో తిప్పి వదిలేసినారు” అన్నాడు. కోపం లేదు ఆ గొంతులో. “ఈ బళ్ళలో బ్రేకు రెండు భాగాలుగా ఉంటాది. ఒకటి పోయినా రెండోది కొంచెం పని సేస్తాది. అదే మిమ్మల్ని కాసింది అమ్మా. అదీ, నీ గేర్లూను.” తరవాత నా వైపు తిరిగి, “శనివారమే సెప్పాను కదండి బాబూ, సోమవారం దాకా బండి తియ్యొద్దని” అన్నాడు.

తెలియక అన్నాడు. నా భార్యకి ఆ మాట నేను చెప్పే ఉంటానని అతను అనుకున్నాడు.

ఆమె నా వైపు చూసింది. ఒక్కసారే. తరవాత పాప గౌను దులపడం మొదలుపెట్టింది. ఆరిపోయిన పాయసం దులిపితే పోయేది కాదు.

ఇంటికి పోదామా అని అడిగాను. “వద్దు. అక్క ఎదురుచూస్తుంటాది” అంది. కారూ, దీదీ స్కూటీ అక్కడే వదిలేసి జెట్టీకి నడిచాం, మామూలు బోటు ఎక్కాం. క్వార్టర్లావిడ ఇచ్చిన పాత చొక్కాల్లో ఒకటి నేను బనీను మీద తొడుక్కున్నాను, పాప వేసుకున్నది మోకాళ్ళ దాకా వేలాడుతోంది. ఖాడీ మధ్యలో బోటు ఊగితే పాప నా తొడని గోళ్ళు దిగేలా పట్టుకుంది. ఊహ తెలిసినప్పటి నుంచీ బోట్లెక్కుతున్న పిల్ల, అలా ఎప్పుడూ పట్టుకోలేదు.

మేము చేరేసరికి ప్రార్థన సగమైంది. సాక్ష్యాలు చెప్పే సమయం. నా భార్య లేచి నిలబడింది. “ఈరోజు దారిలో ప్రభువు నన్నూ నా బిడ్డనీ కాపాడాడు” అంది. అందరూ ఆమె ఇంకేదో చెబుతుందని చూశారు. చెప్పలేదు, కూర్చుంది. “స్తోత్రం” అన్నారు అందరూ. నేనూ అన్నాను. లేచి మిగతాది చెప్పాల్సింది నేను. లేవలేకపోయాను. ఆ గదిలో నాకు ఎదురుగా కొత్త గోడకి కొట్టిన రంగు నా కొట్లోదే. దాన్నే చూస్తూ కూర్చున్నాను.

తిరుగు బోటులో, పాప ఆమె ఒళ్ళో నిద్రపోయాక, నేనే మొదలుపెట్టాను.

“శనివారం అతను వద్దన్నాడు. నేనే…”

“తెలిసింది కదా.”

“నేను చెప్పాలనుకుంటున్నాను.”

“ఇప్పుడు చెప్తే ఏమొస్తాది?” అంది. పాప తల ఒళ్ళో సర్దుకుంటూ మళ్ళీ అంది, “నట్టు మర్చిపోవడం ఎవరికైనా అవుతాది. నేను ఆస్పత్రిలో రోజూ చూస్తాను. అది నాకు బాధ లేదు. పక్కానా అని అడిగాను చూడండి, అప్పుడు మీరు నా మొహం చూసి అక్కర్లేదన్నారు. బ్రేకు పోయినప్పుడు నేను ఏమనుకున్నానో తెలుసా? నేనే తప్పు తొక్కుతున్నానేమో అనుకున్నాను. మీరు పక్కా అన్నారు కదా, తప్పు నాదే అయ్యుంటాది అని.”

నేను పాప కాళ్ళ మీదికి చొక్కా కిందికి లాగి కప్పాను.

కారు మూడు రోజుల్లో బాగైంది. గాలి దూరడానికి అసలు కారణం వెనక చక్రంలో కారుతున్న ఒక రబ్బరు వాషరు. నేను దాని జోలికే పోలేదు. నట్టు సరిగ్గా బిగించినా ఆ బ్రేకు మళ్ళీ మెత్తబడేదే. నా భార్య ఒక రోజంతా సెలవు పెట్టి మెకానిక్ దగ్గర కూర్చుని ఆ పని ఎలా చెయ్యాలో నేర్చుకుంది. నన్ను రమ్మనలేదు. పాప నెలన్నర దాకా కారెక్కలేదు, స్కూలుకి బస్సులో వెళ్ళింది. నాకు కొన్ని వారాలపాటు మధ్యాహ్నం కునుకు పడితే చాలు, వంగి నీళ్ళలోకి చూస్తున్నట్టు ఉండేది. ఉలిక్కిపడి లేచి ఆమెకి ఫోను చేసేవాణ్ణి. డ్యూటీలో ఉండి విసుక్కునేది, కానీ తీసేది.

ఇప్పుడు ఆమె బండి తీసే ముందు ఒక అలవాటు చేసుకుంది. ఇంజను స్టార్ట్ చేసి, బ్రేకు తొక్కి పట్టుకుని, మెల్లగా ఇరవై లెక్కపెడుతుంది. పెడల్ దిగిపోవడం లేదని తేల్చుకున్నాక అద్దం దించి నన్ను అడుగుతుంది. “ఏమైనా చెప్పాల్సింది ఉందా?”

మొన్న వెనక టైర్లో గాలి తక్కువగా ఉందని అనుమానంగా ఉందన్నాను. అంతకు ముందు ఒకసారి ఏమీ లేదన్నాను. ఆ రోజు ఆమె ఇంకో క్షణం నా మొహంలోకి చూసి, అద్దం ఎత్తుకుని, సందు దిగింది. బండి మలుపు తిరిగి కనపడకుండా పోయేదాకా నేను గేటు దగ్గరే నిలబడ్డాను. ఆస్పత్రికి చేరానని ఆమె ఫోను చేశాక లోపలికి వెళ్ళాను.